కొమ్మ మెడ

స్కూలు నుంచి వస్తూ పటమటలో బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి, ఆ సాయంత్రం ఆకాశం రోజూ కనిపించేదానికన్నా చాలా పెద్దదిగా కనిపించింది. ఏదో తేడా ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో కాసేపు అర్థం కాలేదు. మా ఇంటి ఎదురుగా చర్చి. మామూలుగా ఆకుల సందుల్లోంచి పైనున్న శిలువ ఒక్కటే కనపడేది. ఇప్పుడు గోడలు, కిటికీలు, గంట, వెనకింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు, అన్నీ ఒక్కసారిగా బయటపడి ఉన్నాయి. గేటు దాకా వెళ్ళాక చూశాను. చర్చి ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టుకి కొమ్మలు లేవు. మాను ఉంది. దాని మీద మోచేతుల దగ్గర తెగ్గొట్టినట్టు మొండి చేతులు కొన్ని ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. నేలంతా రంపపు పొట్టు, పచ్చి వాసన.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అందరికంటే ముందు నాకు అలవాటైంది ఆ చెట్టు నీడ. మధ్యాహ్నం దాటితే అది వీధి దాటి మా వరండా మీదికి వచ్చేది. ఆదివారం ఆరాధనకి లోపల చోటు చాలనివాళ్ళు చాపలేసుకుని దాని కిందే కూర్చునేవారు. పెళ్ళి భోజనాలు అక్కడే, సండే స్కూలు అక్కడే, ఎవరైనా పోతే పెట్టె దింపేదీ అక్కడే. చెట్టు నాటినవాళ్ళెవరో ఇప్పుడున్న పెద్దలకి కూడా తెలియదు.

అంతకుముందు వారం ఒక వేసవి గాలివానలో దాని కొమ్మ ఒకటి విరిగి సైకిళ్ళ షెడ్డు మీద పడింది. రేకులు వంగిపోయాయి. ఆ టైములో షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మా మామయ్యగారు చర్చి కమిటీకి సెక్రటరీ. ఆ కొమ్మ ఆదివారం పడుంటే ఏమయ్యేదో అని ఆయనకి రెండు మూడు రోజులు అన్నం సహించలేదు. కమిటీ కూర్చుని, చెట్టుని బాగా కిందికి దించేస్తే ఇంక చాలా ఏళ్ళ దాకా భయం ఉండదని తీర్మానించుకుంది. భవానీపురం నుంచి చెట్లు కొట్టే అతన్ని పిలిపించి, కొమ్మలన్నీ తీసి మొండెం చెయ్యమన్నారు. అతను చెప్పిన పని చేసి వెళ్ళాడు.

ఇదంతా జరిగినప్పుడు మా అత్తయ్య ఊళ్ళో లేదు. మంగళగిరిలో ఆవిడ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే తోడుగా వెళ్ళింది. ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో చిన్నా పెద్దా అందరూ సిస్టర్ గారనే పిలుస్తారు. పెరట్లో సపోటా కొమ్మ తీయాలన్నా, గులాబీ మొక్క కత్తిరించాలన్నా కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, మొక్క చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ కొయ్యాలో చూసుకుని గానీ చెయ్యి వెయ్యదు. ఆవిడకి ఫోన్‌లో ఈ సంగతి చెప్పొద్దన్నారు మామయ్యగారు. అక్కడ రోగిని చూసుకుంటోంది, ఇక్కడి గొడవలెందుకు అన్నారు. ఆయన భయం వేరే అని నాకు తెలుసు. నేనూ చెప్పలేదు. 

రోహిణీకార్తె మొదలయ్యాక వచ్చింది ఆవిడ. రోళ్ళు పగిలే ఎండ. ఆటో మా గేటు ముందు ఆగింది. దిగి, ఇంటివైపు తిరగకుండా అలాగే నిలబడిపోయింది. తరవాత సంచీ చేత్తో పట్టుకునే చర్చి గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను వెనకాలే పరిగెత్తాను. జ్వరం చూసినట్టు మాను మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. పైకి చూసింది. ఎవరు కోశారని గానీ, ఎందుకు కోశారని గానీ అడగలేదు. నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమంది. పెట్టాను. ఇనప గేటులా కాలుతోంది.

"ఇన్నేళ్ళూ ఎండ ఎరగని చర్మం ఇది. దాని మీద నీడంతా తీసేశారు. ఉడికిపోతోంది," అంది.

ఆ పూట మామయ్యగారితో ఆవిడ పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. అన్నం తిన్నాక, పల్చటి సున్నం కావాలి, మానుకీ పెద్ద కొమ్మలకీ మొత్తం పూయించాలి, తెలుపు ఎండని తిప్పికొడుతుంది అని చెప్పింది. పైకెక్కి పూసేదెవరు అని ఆయన అడిగితే, ఎవరు కోశారో అతన్నే పిలవమంది.

అతను మర్నాడు వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. వాళ్ళది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తాళ్ళూ ముడులూ తండ్రి దగ్గర పడవ మీదే నేర్చుకుని, ఆ విద్యతో విజయవాడ వచ్చి చెట్లెక్కుతున్నాడు. చీవాట్లు పెట్టడానికే పిలిచారని అనుకున్నట్టున్నాడు. కమిటీవాళ్ళు ఎలా చెప్తే అలా కోశానండీ అని ముందే అన్నాడు.

"తెలుసు నాయనా. దానికి కాదు పిలిచింది. ఆ పైకి నీకు తప్ప ఇంకెవరికీ దారి తెలీదు. లోపలికి రా," అంది అత్తయ్య.

సున్నం పూసేసరికి మా వీధిలో ఒక వింత నిలబడింది. ఆకు లేని చెట్టు, తెల్లగా, చేతులెత్తి. అటుగా పోయేవాళ్ళు బళ్ళు ఆపి చూసేవారు. చచ్చిపోయిందా అని అడిగేవారు. సాయంత్రం పొద్దు వాలాక, ఇళ్ళన్నీ మసకబడ్డాక కూడా అదొక్కటీ తెల్లగా కనపడుతూ ఉండేది. నేను వరండాలో కూర్చుని, సెలవులయ్యాక చెప్పాల్సిన పాఠాలు రాసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూసేదాన్ని. ఎందుకో భయంగానూ ఉండేది, చూడకుండానూ ఉండలేకపోయేదాన్ని.

అత్తయ్య చర్చి బోరు నుంచి పైపు లాగి దానికి నీళ్ళు పెట్టేది. మాను మొదట్లో కాదు, దూరంగా, ఒకప్పుడు ఆకుల అంచు ఎంతవరకు ఉండేదో అంతవరకు. వేళ్ళకి నోళ్ళు చివర్లో ఉంటాయంది. ఆకులు లేకపోయినా కింద వేళ్ళు ఇంకా అక్కడిదాకా ఉన్నాయి కదా అని నాకు అప్పుడే తట్టింది. నేల మీద నేను నడిచే చోటల్లా, కాళ్ళ కింద ఆ చెట్టు పూర్తిగానే ఉంది.

సెలవులయ్యాక ఒక ఉదయం నేను స్కూలుకి తయారవుతుంటే ఆవిడ వీధి అవతల నుంచి పిలిచింది. వెళ్తే నిచ్చెన వేసి ఉంది. ఎక్కి చూడమంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. నా మొహానికి దగ్గరగా, నా నడుమంత లావున్న కొమ్మ మీద, సున్నం పొర పెచ్చులా లేచి ఉంది. దాని కింద నుంచి ఎర్రటి మొన ఒకటి బయటికి వచ్చింది. పాలపన్ను అంత ఉంది. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకా నాలుగైదు. అంత మందాన బెరడు, ఏనుగు చర్మంలా గట్టిపడిపోయిన బెరడు, దాన్ని ఆ మెత్తటి మొన ఎలా చీల్చుకుని వచ్చిందో నాకు అంతుపట్టలేదు. వేలితో తాకబోయి మానేశాను.

అవి అప్పటిదాకా ఎక్కడున్నాయని అత్తయ్యని అడిగాను. తనకీ తెలియదంది. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆవిడకి ఎప్పుడూ మొహమాటం లేదు. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన వరసకి అన్నగారు ఒకాయన ఉంటే, అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఆయన చెప్పింది నాకు స్పీకర్‌లో వినిపించింది. ఆ కొమ్మ వేలెడు లావున్నప్పుడే ఆ మొగ్గలు పుట్టాయట. అప్పుడు వాటి అవసరం రాలేదు. నిద్రపోయాయి. ఏటా కొమ్మ లావెక్కుతుంటే, కర్రలో పూడిపోకుండా, దాంతోపాటే ఇంత బయటికి జరుగుతూ, బెరడు కిందే ఉంటూ వచ్చాయి. చెట్టు బాగున్నంత కాలం లేవవు. నెత్తిన ఆకు పోయిన రోజున లేస్తాయి.

నిచ్చెన మీదే ఉండి లెక్క వేసుకున్నాను. ఆ కొమ్మ వేలెడు లావున్నప్పటికి నేను పుట్టలేదు. బహుశా మా అమ్మ కూడా పుట్టలేదు. అంతకాలంగా ఎవరూ పిలవకుండా కాచుకుని ఉన్నవాటి మొహాలు ఆ ఉదయం నేను చూస్తున్నాను. ఆ రోజు క్లాసులో నోటికి వచ్చిన పాఠమే రెండుసార్లు తడబడ్డాను.

వానలు పడేసరికి మొనలు చువ్వలయ్యాయి. చువ్వలు గుబురులయ్యాయి. తెగిన ప్రతి మొండి చివరా చీపురుకట్ట తలకిందులుగా పెట్టినట్టు పచ్చగా లేచింది. వీధంతా సంతోషపడింది. ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థనలో దేవుడికి స్తుతులు చెప్పారు. మామయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. నరికితే ఇంకా బాగా చిగురుస్తుందని నేనంటే విన్నారు కాదు అని కనపడినవాళ్ళందరితో అన్నారు.

అత్తయ్య మాత్రం సంతోషపడలేదు. ఒక రోజు నన్ను తీసుకెళ్ళి, చేతికి అందే చువ్వ ఒకటి పట్టుకుని పక్కకి వంచింది. అది విరగలేదు. మొదలంటా ఊడి వచ్చేసింది. కింద బెరడు ముక్క తప్ప కర్ర ఏమీ లేదు. మామూలు కొమ్మ అయితే దాని మొదలు మాను లోపల పొరలు పొరలుగా అల్లుకుని ఉంటుందని, ఇది పైన అతికించినట్టు ఉందని చూపించింది.

"ఇవి కొమ్మలు కావమ్మా. ఆకలి," అంది. "ఆకు లేకపోతే దానికి అన్నం లేదు. దాచుకున్నదంతా తీసి ఖర్చుపెట్టి, దొరికిన చోటల్లా ఆకు వేస్తోంది. మనకి పచ్చగా కనపడుతోంది."

ఆ మాట తరవాత ఆ పచ్చదనం నాకు ఇంకోలా కనపడింది. ఒంటికాలి మీద పరిగెడుతున్న ప్రాణిని చూసినట్టు ఉండేది.

దసరా వెళ్ళాక తుఫాను గాలి ఒకటి రెండు రోజులు కొట్టింది. ఆ చువ్వలు అప్పటికి మనిషికి రెండింతల పొడుగు పెరిగి ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే సగం నేల మీద ఉన్నాయి. ఒక్కోటీ మొదట్లో బెరడు చీలికతో సహా ఊడి పడ్డాయి. ఇప్పుడు కమిటీకి కొత్త భయం పట్టుకుంది. ముందు ఒక కొమ్మే పడేది, ఇప్పుడు ఎన్ని పడతాయో తెలియదు. మొదలంటా తీసేసి ఆ చోట రేకుల హాలు వేసుకుందామని కొందరు అన్నారు. మామయ్యగారు కూడా ఊ అన్నారు. ఈస్టరు అయ్యాక తీసేద్దామని అనుకున్నారు.

ఆ గుడ్ ఫ్రైడే నేను మరిచిపోలేను. శిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానం మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటిదాకా సాగుతుంది. ఏటా లోపల పట్టని జనమంతా నిద్రగన్నేరు కింద కూర్చునేవారు. ఆ ఏడు ఆవరణలో షామియానా వేయించారు. నీడ ఉంది. కానీ గుడ్డ కింద గాలి పెనం మీద గాలిలా ఉంది. ఫ్యాన్లు పెడితే అదే వేడి మొహాన కొట్టింది. నాలుగో మాట దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. తరవాత ఇంకొకావిడకి వాంతులు. అత్తయ్య లేచి వాళ్ళిద్దరినీ లోపలికి మోయించి, తడి తువాళ్ళు చుట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది. ఇద్దరూ తేరుకున్నారు.

తేరుకున్న పెద్దాయన పక్కనే మామయ్యగారు కూర్చుని ఉన్నారు. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ గుడ్ ఫ్రైడేకి చెట్టు కిందే కూర్చున్నానని, ఒక్కసారి కూడా ఇలా కాలేదని ఆ పెద్దాయన నీరసంగా చెప్పాడు.  ఆ సాయంత్రం మామయ్యగారు ఖాళీ అయిన షామియానా కింద ఒక్కరే చాలాసేపు తిరిగారు. ఇంటికొచ్చాక అత్తయ్యని అడిగారు, ఆ చెట్టుని మళ్ళీ మామూలుగా చెయ్యడం కుదురుతుందా అని.

"మామూలుగా కుదరదు. ముందులా ఎప్పటికీ కాదు. బతికించడం అయితే కుదురుతుందేమో. కానీ ఏళ్ళు పడుతుంది, ఎవరూ తొందర పెట్టకూడదు," అందావిడ.

కమిటీని ఒప్పించింది మామయ్యగారే. ఆయనే మళ్ళీ భవానీపురం అతనికి ఫోన్ చేశారు.

అప్పటి నుంచి ఏటా ఒకసారి అతను వచ్చేవాడు. వేసవి ఎండల్లో కాకుండా, చెట్టు అలిసిపోకుండా ఉండే రోజులు చూసుకుని అత్తయ్య పిలిపించేది. మొదటిసారి వచ్చినప్పుడు అలవాటు కొద్దీ గుబురులన్నీ సమానంగా కోసేస్తాననబోయాడు. ఆవిడ వద్దంది. ఒక్కో మొండి మీద ఉన్న చువ్వల్లో బలంగా, విడివిడిగా, బయటివైపు చూస్తున్నవి రెండో మూడో ఎంచుకుని వదిలెయ్యాలి. మిగతావి కూడా ఒకేసారి తియ్యకూడదు. ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని. కొన్ని సగానికి కురచ చెయ్యాలి. ఆకులో నాలుగో వంతుకి మించి ఏ ఏడూ పోకూడదు. మిగిలిన ఆకే దానికి వంట చేసి పెట్టాలి కదా అంది. ఎంచిన చువ్వలు లావెక్కుతూ ఉంటే వాటి మొదట్లో ఏటా ఒక పొర కర్ర చుట్టుకుని, అతుకు గట్టిపడుతుంది.

కొయ్యడం దగ్గర ఇద్దరికీ పెద్ద చర్చ జరిగేది. కొమ్మ మానులో కలిసే చోట కొంచెం ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది. అతను దాన్ని కొమ్మ మెడ అనేవాడు. ఇదివరకు మెడతో సహా మానుకి నున్నగా కోసేవాడు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. లేదంటే మూరెడు మొండి వదిలేసేవాడు, తరవాత ఎక్కడానికి కాలు ఆనుతుందని. రెండూ వద్దంది అత్తయ్య. పెరట్లో సపోటాకి తాను అప్పుడెప్పుడో కోసిన చోట్లు తీసుకెళ్ళి చూపించింది. మెడ వదిలి, దాని బయట కోసిన చోట చుట్టూ గుండ్రంగా, పెదవి మూసినట్టు, కొత్త బెరడు కమ్ముకుంది. నున్నగా కోసిన చోట ఇన్నేళ్ళయినా గుంట గుంటగానే ఉంది. అతను వేలు పెట్టి రెండూ తడిమి చూశాడు.

అతను ఆవిడకి నేర్పింది కూడా ఉంది. బరువు కొమ్మని పైనుంచి కోస్తే తెగేముందు ఒరిగి, కింద బెరడుని మానుదాకా చీల్చుకుంటూ పోతుంది. అందుకని ముందు కాస్త దూరంగా కింద నుంచి గాటు పెట్టి, తరవాత దానికి అవతల పైనుంచి కోసి, బరువు దిగిపోయాక, అప్పుడు మిగిలిన ముక్కని మెడ దగ్గర తియ్యాలి. తాళ్ళ మీద కొమ్మని పసిబిడ్డని దింపినట్టు దింపేవాడు.  కోసిన చోట తారు పూస్తానని డబ్బా తెస్తే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. తడి పుండుని గాలాడకుండా కట్టేస్తే లోపల ఏమవుతుందో వార్డులో చాలా చూశానంది.

మూడో ఏడు పడమటివైపు మొండి కొమ్మ చచ్చిపోయిందని తేలింది. దాని మీద చువ్వలు ఎండిపోయాయి, బెరడు పలకలుగా రాలుతోంది. సున్నం వెయ్యకముందు ఎండ బాగా తిన్న వైపు అది. సైకిళ్ళ షెడ్డు మీద పడిన కొమ్మ కూడా దాని నుంచే విరిగింది. తియ్యక తప్పలేదు. దింపాక అతను రంపంతో దాని మొదలువైపు ముక్కని నిలువుగా రెండుగా చీల్చి ఆవిడ ముందు నేల మీద పెట్టాడు, లోపల ఎలా ఉందో చూడండి సిస్టర్ గారూ అంటూ.

మేం నలుగురం దాని చుట్టూ కూర్చున్నాం. అత్తయ్య, మామయ్యగారు, అతను, నేను. ఆ కర్ర లోపలి భాగం నిద్రగన్నేరుకి ఉండే ముదురు గోధుమరంగులో, వార్నిష్ వేసినట్టు మెరుస్తోంది. మధ్యలో ఒకచోట, బయటి బెరడుకి చాలా లోతున, బొటనవేలంత కొమ్మ మొదలొకటి కనిపించింది. దాన్ని ఎవరో ఎప్పుడో మెడ వదిలి శుభ్రంగా కోశారు. చెట్టు దాన్ని మూసేసి, దాని మీద పొర తరవాత పొర కట్టుకుంటూ పోయింది. చుట్టూ ఎక్కడా మచ్చ లేదు. బయట నుంచి చూస్తే అక్కడ ఒక కొమ్మ ఉండేదని ఎవరూ చెప్పలేరు.

దానికి జానెడు దూరంలో ఇంకో కోత. అది పెద్దది. ఎప్పుడో కరెంటు తీగలకి అడ్డం వస్తోందని కొట్టి, మొండి వదిలేసినది. దాని నుంచి కుళ్ళు నల్లగా, గొట్టంలా, కొమ్మ మధ్యలోకి దిగింది. నలిపితే టీపొడిలా రాలింది. ఆ ఏటి గాలివానకి కొమ్మ విరిగింది ఎక్కడో ఇప్పుడు అందరికీ కనపడింది. గాలి పాపం సగమే. చెట్టు పెద్దదవడం వల్ల కొమ్మ పడలేదు. అంతకుముందు జరిగిన కోత వల్ల పడింది.

కానీ అత్తయ్య చూస్తున్నది కుళ్ళుని కాదు. ఆ నలుపు అంచున సన్నటి గీత ఒకటి ఉంది. దారంలా ఉన్న ముదురు గీత. దానికి ఇటువైపు అంతా పొడి. అటువైపు కర్ర గట్టిగా, నిండుగా ఉంది. గోరు దిగలేదు. కుళ్ళు అన్నివైపులా వెళ్ళి, ఆ గీత దగ్గర ఆగిపోయింది.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"మన పుండు మానుతుంది. పాత కండ పోయి కొత్త కండ వస్తుంది. దీనికి ఆ వీలు లేదు. చెడిన చోటుని బాగు చేసుకోలేదు. గోడ కట్టి లోపలే ఉంచేసుకుంది. ఉంచుకుని, దాని మీద పెరిగింది," అంది. కాస్త ఆగి, "ఇన్నేళ్ళు డ్రెస్సింగులు చేశాను గానీ ఇలాంటిది నేను చూళ్ళేదు," అంది.

వీధిలో ఆటోలు పోతూనే ఉన్నాయి. మామయ్యగారు ముందుకి వంగి ఆ గీత వెంట వేలితో పైనుంచి కిందిదాకా రాశారు. మేం ఈ చెట్టుకి పెట్టిన ప్రతి గాయమూ, మాకు ముందువాళ్ళు పెట్టినవీ, అన్నీ ఆ మానులో ఎక్కడివక్కడ, ఒక్కోటీ ఒక్కో గోడ లోపల ఉన్నాయన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆ గోడలు కట్టడానికి దానికి బలం కావాలి. బలం రావడానికి ఆకు కావాలి. మేం తీసేసింది ఆ ఆకునే.

మాను మీద మిగిలిన చచ్చిన ముక్కని మెడ వదిలి తీశారు. ఆ వైపు చెట్టుకి పెద్ద వెలితి ఉండిపోయింది. మానులో తొర్ర కూడా ఏర్పడింది. అది పూడదని, పూడ్చడానికి సిమెంటు గట్రా పెట్టొద్దని అత్తయ్య అయ్యగారికి గట్టిగా చెప్పింది. చిలకలు వచ్చి అందులో చేరాయి. మిగతా మూడు వైపులా, ఏటేటా ఎంచి ఉంచిన చువ్వలు చేతులంత, తరవాత తొడలంత లావయ్యాయి. వంపులు తిరిగి, చీలి, మళ్ళీ చీలి, గొడుగు పట్టడం మొదలుపెట్టాయి. ముందున్న అందం లేదు. ఒకవైపు భుజం జారిన మనిషిలా ఉంటుంది. కానీ కింద చాప వేసుకునే చోటు ఏటా కాస్త కాస్త పెరిగింది. తుఫాను గాలులు వచ్చాయి. రెమ్మలు రాలాయి గానీ కొమ్మ ఊడలేదు.

పోయిన వేసవిలో అది పూసింది. అన్నేళ్ళలో మొదటిసారి. ఒక ఆదివారం ఉదయం గేటు తీసేసరికి నేలంతా గులాబీ రంగు కుచ్చులు రాలి ఉన్నాయి. తలెత్తితే పైన ఆకుల మీదంతా పూలు. పూయడానికి మిగిలేంత తిండి దానికి ఇప్పుడు ఉందన్నమాట అని అత్తయ్య అంది. ఈమధ్య వయసు మీదపడి ఎక్కువ నడవలేకపోతోంది, కుర్చీ తెప్పించుకుని ఆరాధన అంతా చెట్టు కిందే కూర్చుంది. మామయ్యగారు పూలు ఊడవొద్దని పనివాళ్ళకి చెప్పి, తనే జనానికి అడ్డం నిలబడి పక్క నుంచి నడవమంటూ ఉన్నారు.

ఆరాధన అయ్యే వేళకి భవానీపురం అతను వచ్చాడు. ఆ రోజు పనేమీ లేదు. తాళ్ళు తేలేదు, రంపం తేలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పూసిందని ఎవరో చెప్పారట. అత్తయ్య పక్కన చాప చూపించి కూర్చోమంది. కాసేపు కూర్చుని, ఏమనుకోకండి అంటూ చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు తల కింద పెట్టుకుని పైకి చూస్తూ చాలాసేపు కదల్లేదు.

"ఇన్నేళ్ళూ చెట్లని పైకెక్కే చూశానండీ. కింద పడుకుని ఎప్పుడూ చూళ్ళేదు," అన్నాడు.

నేను ఇంటికి వెళ్ళి అందరికీ టీ పెట్టి తెచ్చాను. తెచ్చేసరికి మామయ్యగారు కూడా చెప్పులు విడిచి, అతని పక్కనే చాప మీద పడుకుని ఉన్నారు. ఇద్దరి చొక్కాల మీదా పూలు పడి ఉన్నాయి. టీ చల్లారిపోతోందని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ట్రే నేల మీద పెట్టి, అత్తయ్య కుర్చీ పక్కన కూర్చుని నేనూ పైకి చూశాను.